దీపం నూనె తాగిన మోటారు

ఆ బుధవారం పొద్దున తెరెంతి కాలవగట్టు మీద నిలబడి ఊరి పడవ మోటార్లు వింటున్నాడు. చేతిలో టీ గ్లాసు ఉంది గాని తాగడం లేదు. చేపలవేట నిషేధం ఆ రాత్రితో ముగుస్తుంది. రెండు నెలలుగా కొట్టాల్లో, వసారాల్లో, మంచాల కింద పడుకున్న మోటార్లన్నిటినీ మా ఊరు ఒక్కసారిగా నిద్రలేపుతోంది. ఒకటి దగ్గుతోంది, ఒకటి తుమ్ముతోంది, ఇంకొకటి నాలుగు బూతులు తిట్టి ఆగిపోతోంది. ఉన్నచోటి నుంచి కదలకుండా ఏది ఎవరిదో చెప్పగలడు తెరెంతి. అది సిదోర్‌ది, ప్లగ్గు మసిబారింది. ఇది వంతెన పక్కవాళ్ళది, పెట్రోల్లో నీళ్ళు దిగాయి. పైకి మాత్రం అనడు. గడ్డంలోనే నవ్వుకుంటాడు.

డెబ్భై ఏళ్ళ మనిషి. పొట్టి. నడుస్తుంటే కుడి భుజం కొంచెం కిందికి వాలి ఉంటుంది, ఎప్పుడూ ఏదో బరువు మోస్తున్నట్టు. వేళ్ళ గీతల్లో నల్లటి గ్రీజు. శనివారం ఆవిరిస్నానంలో ఎంత రుద్దినా అది వదలదు, వదిలితే ఆ చేతులు తెరెంతివని మేం గుర్తుపట్టం. మావాళ్ళు చొక్కా మీద నేసిన నడికట్టు కట్టుకుంటారు కదా, తెరెంతికి ఇదివరకు రెండు చుట్లు తిరిగేది. ఆ వసంతంలో మూడు చుట్లు తిరుగుతోంది. మాలో ఎవరం గమనించలేదు. ఎవరి మోటారు గోల వాళ్ళది.

పెద్ద నది సముద్రంలో కలిసేచోట, కాలవలే వీధులుగా ఉన్న ఊరు మాది. రొట్టెకైనా, పెళ్ళికైనా, పాదిరి దగ్గరికైనా పడవలోనే పోవాలి. నలభై పడవలు, నలభై మోటార్లు, వాటికి ఒక్క తెరెంతి. ముప్ఫై అయిదేళ్ళ కిందట కాలవలు తవ్వే ఓడలో పని మానేసి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. మోటారు బాగుచేస్తే ఎవరు ఏమిస్తే అది పుచ్చుకుంటాడు: రెండు చేపలు, ఓ బుట్ట బంగాళాదుంపలు. మనిషి వెన్న. కానీ ఒక్క జబ్బు ఉంది ఆయనకి. మోటారు తెచ్చి కొట్టు ముందు దించగానే మొదటి మాట, "నువ్వెళ్ళి టీ తాగిరా." వెళ్ళకపోతే చెయ్యి పెట్టడు. కొట్టు గుమ్మానికి గోనెపట్టా తెర. తెర తీసి తొంగిచూస్తే వీపు తిప్పేస్తాడు. మనం టీ తాగి వచ్చేసరికి మోటారు పాడుతూ ఉంటుంది. నేను ముప్ఫై ఏళ్ళుగా అలా తాగిన టీతో ఈ కాలవ నింపొచ్చు. నేర్చుకున్నది మాత్రం గుండుసున్నా. ఓసారి ఎవరింటి పండగలోనో నాలుగు గుక్కలు పడ్డాక తనే అన్నాడు: "అందరికీ తెలిస్తే నా గడప ఎవడు తొక్కుతాడ్రా?" అందరం నవ్వేశాం. ఆయన నవ్వలేదు.

తెడ్లు వేసుకుంటూ ఉలిత వచ్చింది. తెరెంతి పినతండ్రి కొడుకు సావా ఉండేవాడే, అతని భార్య. యాభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. సావా పోయి రెండు శీతాకాలాలు గడిచాయి. నల్లటి తారు పూసిన పడవని గట్టుకి గుద్దినంత పని చేసి ఆపింది.

"బావగారూ! లేచారా?"

"లేవకపోతే ఇక్కడ నిలబడ్డదెవరు, నా దెయ్యమా?"

"పరాచికాలకి టైము లేదు. మీ తమ్ముడి మోటారు కదలనంటోంది. తాడు లాగితే నా భుజం ఊడొచ్చేలా ఉంది గాని అది మాత్రం వెంట్రుకంత రావడం లేదు. పొద్దున్నించీ అదే పని."

తెరెంతికి వేరే చెప్పనక్కర్లేదు. ఊరంతటికీ తెలిసిన సంగతే. నిషేధం ముగిసేరోజున ప్రతి పడవా తన మోటారుతో తనే చేపల కాటా రేవుకి రావాలి. గుమాస్తా కోంద్రాత్ మోటారు నంబరు చూసి జాబితాలో రాసుకుంటాడు. ఆ జాబితా సాయంత్రం ఐదుగంటల లాంచీలో పట్నం పోతుంది. జాబితాలో లేని పడవ వేటాడే నీళ్ళు ఆ ఏడాది నుంచి ఇంకొకరివి. కొంగల మలుపు దగ్గర నీళ్ళు సావావి, అంతకుముందు సావా తండ్రివి. మొగుడు పోయిన ఇల్లు కదా అని కిందటేడు ఊరుకున్నారు. ఈ ఏడు ఊరుకోరు. నీళ్ళు పోతే ఉలిత పట్నంలో చెల్లెలి దగ్గరికి పోవాలి. నాలుగో అంతస్తులో ఇల్లు, కిటికీలోంచి చూస్తే ఇంకొకళ్ళ కిటికీ.

"నీళ్ళు పోతే నేను పోయినట్టే, బావగారూ," అంది ఉలిత.

"మోటారు ఎక్కడుంది?"

"ఇంట్లో. ఎత్తి పడవలో పెట్టుకు రావడం నా ఒక్కదాని వల్ల కాలేదు. ఎవర్నయినా పిలిచి..."

"వద్దు. నేనే వస్తా."

ఉలిత నోరు తెరిచింది. తెరెంతి ఒకరి ఇంటికెళ్ళి మోటారు చూడటం ఊరు పుట్టాక లేదు. అప్పుడు చూసింది, కొట్టు గుమ్మానికి గోనెపట్టా లేదు, తలుపు మూసి తాళం వేసి ఉంది. అడుగుదామనుకుంది. సంచీ పడవలో వేసి, "ఊఁ, తెడ్డెయ్యి," అన్నాడాయన. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉన్న తన గొడవలో ఆవిడ ఆ తాళం సంగతి మరిచిపోయింది.

మోటారు లోపలిగదిలో ఉంది, మట్టిపొయ్యి పక్కన. కింద దిండు, చుట్టూ సావా బొంత, పైన ఎర్ర దారంతో కుట్టిన తువ్వాలు. తెరెంతి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"మోటారా, మునిమనవడా?"

"చలికి పాడవుతుందని..."

"సరే. బయటికి పట్టు."

ఇద్దరూ కలిసి దాన్ని పెరట్లోకి మోశారు. సావా పాతిన రెండు గుంజల మధ్య బల్లకి బిగించారు. తెరెంతి తాడు పట్టుకుని, లాగలేదు, ఊరికే బిగువు చూశాడు. గోడని లాగినట్టుంది. చిన్న తాళంచెవి లాంటి రెంచీ సంచీలోంచి తీశాడు. ఉలిత లేచింది.

"ఎక్కడికి?"

"టీ పెట్టడానికి. మీరెలాగూ పొమ్మంటారుగా."

"కూచో," అన్నాడు. రెంచీ ఆవిడ వైపు చాపాడు. "ఇదిగో, ఇది పట్టుకో. ప్లగ్గు నువ్వే విప్పు."

"నేనా?"

"నీ మోటారేగా."

ఉలిత రెంచీ అటూ ఇటూ తిప్పి చూసి, తల మీద గుడ్డ బిగించి కట్టుకుని, పట్టు పట్టింది. మొదట తప్పు వైపు తిప్పింది. ఆయన చెప్పలేదు. రెండోసారి తనే తెలుసుకుంది. ప్లగ్గు కీచుమని ఊడొచ్చింది. తెరెంతి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, నాలుక కొసతో తాకి చూశాడు, కనుబొమలు పైకి లేపాడు.

"ఇందులో ఏం పోశావ్, తల్లీ?"

"నూనె. మీ తమ్ముడు ప్రతి శీతాకాలం ముందూ ఓ చెంచా నూనె పోసి, తాడు రెండుసార్లు మెల్లిగా లాగి, ప్లగ్గు బిగించేవాడుగా. చూస్తూ ఉండేదాన్ని. ఆయన పోయిన ఏడాది నేనే పోద్దామనుకున్నా. పక్కింటి కుర్రాడి చేత ప్లగ్గు విప్పించుకుని..."

"ఏ నూనె అని."

ఉలిత తల దించుకుంది. "ఆయన సీసా ఖాళీ అయిపోయింది. అందుకని దేవుడి దగ్గర దీపం నూనె పోశాను. గుళ్ళో పాదిరి ప్రార్థన చేసి ఇచ్చిన నూనె. దానికన్నా మంచి నూనె ఏముంటుంది అని..." ఆగి మళ్ళీ అంది, "కిందటేడూ పోశాను. రెండు చెంచాలు."

తెరెంతి నవ్వాడు. మొదట గడ్డంలో, తరవాత భుజాలతో, తరవాత మనిషంతా. నవ్వుతూ నవ్వుతూ పక్కటెముకల కింద చెయ్యి నొక్కుకుని ఒంగిపోయాడు. "ఉలితా! పేతురు ఉపవాసాల్లో బుధవారం పూట మనమే నూనె ముట్టం. పాపం మోటారుకి రెండేళ్ళు తాగించావా?"

ఆవిడ నవ్వలేదు. పొద్దుతిరుగుడు గింజల నూనె ఎండితే ఏమవుతుందో ఆయన చెబుతుంటే వింది. అప్పాలు కాల్చిన పెనం అంచున గట్టిపడే జిడ్డు ఉంటుంది చూడు, గోకినా రాదు, అదే. లోపల పిస్టన్ని పట్టేసింది. పైగా పొయ్యి పక్కన పెట్టావు, ఇంకా బాగా కాగి గట్టిపడింది. ఉలిత కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నేనే చంపేశాను. ఆయన చొక్కా ఉంది, టోపీ ఉంది, అలాగే పడి ఉన్నాయి. ఆయన వస్తువుల్లో కదిలేది అదొక్కటే, బావగారూ. దాన్ని కూడా..."

"చావలేదు. బిగుసుకుంది. చావడం వేరు, బిగుసుకోవడం వేరు," అన్నాడు తెరెంతి. "డీజిలు ఉందా? రెండు పాళ్ళు డీజిలు, ఒక పాలు పెట్రోలు. కలిపి ఆ కన్నంలో పొయ్యి. నిండా. నేను కాదు, నువ్వు."

పోసింది. ఇక నానాలి. మధ్యాహ్నం దాకా చేసేదేమీ లేదు.

చిక్కుడుగింజల చారు, ఊరేసిన దోసకాయ, నల్లరొట్టె పెట్టింది. తెరెంతి రొట్టె చారులో ముంచి, చెంచాతో అటు నెట్టి ఇటు నెట్టి, చివరికి గిన్నె పక్కకి జరిపాడు.

"నూనె లేదనా? బుధవారం కదా."

"పళ్ళు నొప్పి."

పళ్ళు కాదు. ఆ సంగతి మాకు తరవాత తెలిసింది. వసంతంలో బోల్టులు కొనుక్కొస్తానని రెండుసార్లు తుల్చా పట్నం వెళ్ళాడు. రెండుసార్లూ బోల్టులు తేలేదు. డాక్టరు కడుపు మీద వేలు పెట్టి చూపించి, జూన్‌లో ఆస్పత్రి మంచం ఖాళీ అయ్యే గురువారం వచ్చి చేరమన్నాడు, ఆలస్యం చేశావయ్యా అని కూడా అన్నాడు. ఆ గురువారం రేపే. ఈ సాయంత్రం ఐదింటి లాంచీ ఎక్కాలి. అందుకే కొట్టుకి తాళం. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊరంతా గట్టుమీదకి చేరి ఏడుస్తారు, ఏడుస్తూనే, "వెళ్ళేలోపు నా మోటారు ఓసారి చూడవా" అంటారు. మేం అలాంటివాళ్ళమే, ఆయన అనుకోవడంలో తప్పు లేదు.

తను పోతాననే దిగులు కన్నా ఆయన్ని ఎక్కువ తినేసింది వేరే దిగులు. రాత్రుళ్ళు మంచం మీద పడుకుని ఊరి మోటార్లు లెక్కపెట్టేవాడు. నలభై. ప్లగ్గు ఎండబెట్టడం వచ్చినవాడు ఒక్కడు లేడు. ఎలా వస్తుంది? తనేగా టీ తాగి రమ్మన్నాడు. ఆ మాట తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు వేడెక్కేది ఆయనకి.

మధ్యాహ్నం ఒంటిగంటకి పైమూత తీయించాడు. మధ్యలో ఉన్న పెద్ద నట్టుకి పొడుగు రెంచీ తగిలించాడు. "అటు గోరంత, ఇటు గోరంత. అంతే. బలం పెట్టావా, లోపల రింగు పుటుక్కుమంటుంది. మొండిపిల్లని నిద్రలేపినట్టు లేపాలి."

"నాకు పిల్లలేరి, బావగారూ?"

"నాకు మాత్రం ఉన్నారా? ఊఁ, కానియ్."

అటు గోరంత, ఇటు గోరంత. ఏమీ లేదు. ఉలిత నుదుటి చెమట కంట్లోకి దిగింది. తెరెంతి చెయ్యి రెండుసార్లు రెంచీ వైపు దానంతటదే వెళ్ళింది. మూడోసారి వెళ్ళబోతే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూచున్నాడు. బడిలో అల్లరిపిల్లాణ్ణి కూచోబెట్టినట్టుంది ఆ వాలకం.

"మీకేమైంది ఇవాళ? వేరే వాళ్ళకైతే వీపేగా చూపిస్తారు."

"ముప్ఫై అయిదేళ్ళు చూపించాను. తప్పు చేశాను."

"తప్పేముంది, వీపు బానే ఉంటుంది," అంది ఉలిత. ఆ మాట అంటుండగానే రెంచీ కదిలింది. నిజంగా గోరంతే. ఇటు తిప్పింది, అటు తిప్పింది, గోరు కాస్తా వేలయింది, వేలు బెత్తెడయింది. లోపల ఎక్కడో చప్పరించినట్టు చప్పుడై నల్లటి జిడ్డు కన్నంలోంచి కారింది. అరగంటలో చక్రం గుండ్రంగా తిరిగింది. ఉలిత లేచి పెరడంతా ఓ చుట్టు నడిచి వచ్చింది, ఏం చెయ్యాలో తెలియక.

తరవాత కార్బొరేటర్. విప్పితే అడుగున పాత పెట్రోలు తేనెపాకంలా పేరుకుని ఉంది. పెట్రోలు వచ్చే సన్నటి కన్నం పూడుకుపోయింది. ఉలిత సూది తెచ్చింది.

"సూది వద్దు! కన్నం పెద్దదయితే ఇక అది జన్మలో మాట వినదు. మీ సున్నం కుంచెలోంచి ఓ పందివెంట్రుక పీకు."

వెంట్రుకతో పొడిచి, నోటితో ఊది, ఎండకెత్తి చూసింది. కన్నంలోంచి ఆకాశం చుక్కంత కనిపించింది. "కనపడుతోంది," అంది చిన్నగా.

మూడున్నరకి మోటారుని ఉప్పుచేపల పీపాలో నీళ్ళు నింపి అందులో దించారు. కొత్త పెట్రోలు పోసింది. తాడు లాగింది. ఒకటి, రెండు, ఐదు, పదకొండు. దగ్గయినా దగ్గలేదు. పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన గుమ్మం పక్కన కూచుని పిచ్చుకల్ని చూస్తున్నాడు.

"బావగారూ, టైము!"

"నాకు చెబుతావేం? దానికి చెప్పు."

కోపం వచ్చింది ఆవిడకి. సావాని తిట్టింది, కాటాని తిట్టింది, తెరెంతిని కూడా ఓ మాట అంది, అది రాయను. తిడుతూనే ప్లగ్గు విప్పింది, తడిసి ముద్దయిన దాన్ని తలగుడ్డ చివరతో తుడిచింది, తాడు నాలుగుసార్లు ఖాళీగా లాగి లోపలి తడి బయటికి పోగొట్టింది, మళ్ళీ బిగించింది. ఇది ఎవరూ చెప్పలేదు. తడిసిన పొయ్యిలో కట్టె అంటుకోదని ఏ ఆడదానికి తెలీదు?

పన్నెండో లాగుడికి మోటారు దగ్గింది. పదమూడోదానికి తెల్లటి పొగ కక్కి, ఎగిరి, అందుకుంది. పీపాలో నీళ్ళు ఉడికినట్టు లేచాయి. పెరడంతా అప్పాలు మాడిన వాసన.

"దీపం నూనె! దీపం నూనె మండుతోంది!" అని ఉలిత అరిచింది, ఏడుస్తూ నవ్వుతూ. రెండువేళ్ళతో శిలువగుర్తు వేసుకుంది, గ్రీజు నుదుటికి అంటుకుంది.

తెరెంతి లేచి వచ్చి మోటారు వెనక్కి వేలు చూపించాడు. "ఇక్కడ మోటారుని చల్లార్చే నీళ్ళు సన్నటి ధారగా రావాలి. వస్తోందా?"

"లేదు."

"మరి?"

ఆవిడే ఆపేసింది. ఒంగి చూసింది. నీళ్ళు బయటికొచ్చే కన్నంలో కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. తీగముక్కతో పొడిచి, మళ్ళీ తాడు లాగింది. ధార వచ్చింది, వంపు తిరిగి తెరెంతి బూటు మీద పడింది.

"పసివాడు ఉచ్చపోస్తే ఇంటికి మంచిది," అన్నాడాయన, కాలు వెనక్కి తీసుకోకుండా.

ఆపమన్నాడు. మళ్ళీ స్టార్ట్ చెయ్యమన్నాడు. ఆపమన్నాడు. మళ్ళీ. "పిచ్చా మీకు? నాలుగున్నర కావస్తోంది!" అంటూనే చేసింది. మూడోసారి ఒక్క లాగుడికే అందుకుంది. అప్పుడు చాలన్నాడు.

పడవకి ఎక్కించేటప్పుడు బరువంతా తన వైపే ఉందని ఉలితకి తెలిసింది. ఆయన చేతులు ఊరికే తాకి ఉన్నాయంతే. మూడు చుట్ల నడికట్టు కళ్ళబడింది.

"ఏంటి బావగారూ, ఇంత చిక్కిపోయారు?"

"ఉపవాసాలు. పద, మా గట్టు దగ్గర ఇంకో సంచీ ఉంది, తీసుకుని కాటా రేవు దాకా వస్తా. పట్నంలో పనుంది."

సంచీ తీసుకుని పడవ ముందుభాగంలో కూచున్నాడు. మోటారుకి వీపు పెట్టి, ఉలితకి వీపు పెట్టి, కాలవ వైపు తిరిగి.

ఇక్కడి నుంచి నేను కళ్ళారా చూశాను. జాబితాలో రాయించుకుని రేవు మెట్ల మీదే ఉన్నాను, కోంద్రాత్ పక్కన. మలుపు దగ్గర ఉలిత పడవ కనిపించింది, అందరం కేకలు వేశాం. నూరు గజాల దూరంలో మోటారు ఆగిపోయింది. ఐదింటికి పది నిమిషాలు తక్కువ. అవతల మలుపులో లాంచీ పొగ కనిపిస్తోంది.

"తెరెంతీ, చూడవయ్యా!" అని సిదోర్ అరిచాడు.

తెరెంతి వెనక్కి తిరగలేదు. రాయిలా కూచున్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. వెనక ఉలిత తాడు లాగింది, పెట్రోలు గొట్టం మీది రబ్బరుబుడ్డి నొక్కింది, ఒంగింది. పెట్రోలు డబ్బా బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయట. అలా ఎందుకయ్యాయా అని ఒక్క క్షణం చూసి, మూత మీద గాలి లోపలికి పోయే మర తెరిచింది. సుయ్యిమన్న చప్పుడు రేవు దాకా వినపడలేదు గాని తెరెంతికి వినపడింది. ఆయన మొహం విచ్చుకోవడం నేను చూశాను. అలాంటి మొహం ఆయనకి ఉందని నాకు అప్పటిదాకా తెలీదు.

రెండో లాగుడికి మోటారు అందుకుంది.

కోంద్రాత్ పెన్సిలు చెవిమీంచి తీసి బెట్టు చేశాడు. "తెరెంతి స్టార్ట్ చేస్తే లెక్కలోకి రాదమ్మా. పడవ ఎవరిదో వాళ్ళే చెయ్యాలి."

"నా వీపుకి చేతులున్నాయా, గాడిదా?" అన్నాడు తెరెంతి.

"అయినా సరే, నా ఎదురుగా."

ఉలిత మోటారు ఆపింది. మా అందరివైపు ఓసారి చూసింది. ఒక్క లాగుడు. కోంద్రాత్ ఒంగి నంబరు చూసి, ఒక్కొక్క అంకె పైకి చదువుతూ రాశాడు. కొంగల మలుపు ఉలితది. ఆడవాళ్ళు ఆవిణ్ణి వాటేసుకున్నారు, మొహాన గ్రీజు అందరికీ అంటింది.

ఆ గోలలో లాంచీ వచ్చి ఆగింది. కోంద్రాత్ జాబితా అందించాడు. తెరెంతి సంచీ భుజాన వేసుకుని ఎక్కాడు. బోల్టులకి పోతున్నాడనుకున్నాం. ఉలిత ఒక్కతే లాంచీ ఎక్కే బల్ల దాకా వెళ్ళింది.

"ఎప్పుడొస్తారు, బావగారూ?"

"చూద్దాం." లాంచీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. "ఉలితా, ఎవరన్నా అడిగితే చెప్పు. ఎలా చెయ్యాలో. దాచుకోకు."

అప్పుడు అర్థమైందట ఆవిడకి. లాంచీ అప్పటికే కదిలింది.

పేతురు పౌలుల పండగ దాటాక మూడో రోజు అదే లాంచీ కబురు తెచ్చింది. ఇంకో రెండు రోజులకి మనిషిని తెచ్చింది. మా ఊళ్ళో శవాన్ని మోటారుతో తీసుకుపోరు, తెడ్లు వేసే తీసుకుపోతారు. నలభై పడవలు వెనక వెళ్ళాయి, అన్నీ తెడ్లతోనే. కాలవలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఉలిత ముందు పడవలో తెడ్డు వేసింది.

అప్పటికే ఆవిడ పెరట్లో మూడు మోటార్లు చేరాయి. మొదట సిదోర్ తెచ్చాడు, సిగ్గుపడుతూ. తరవాత నేను. మాకు టీ ఇచ్చింది, కానీ ఒక చేతిలో టీ, ఇంకో చేతిలో రెంచీ. నేను ప్లగ్గు తప్పు వైపు తిప్పితే చూస్తూ ఊరుకుంది. ఇప్పుడు నాకు ప్లగ్గు ఎండబెట్టడం వచ్చు. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది.

తొమ్మిదోరోజు ప్రార్థనలయ్యాక కొట్టు తాళం తీశాం. తాళంచెవి పాదిరి దగ్గర ఉంచి వెళ్ళాడట. లోపలికి అడుగు పెట్టడం మాలో అందరికీ అదే మొదటిసారి. ఏదో రహస్యం ఉంటుందనుకున్నాం. మేకులకి వరసగా పనిముట్లు, డబ్బాల్లో మరలు, కిటికీ దగ్గర ఆయన పీట, కూచుని కూచుని గుంట పడింది. దానికి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా, ఇంకో పీట ఉంది. దాని చెక్కని కోంద్రాత్ గుర్తుపట్టాడు. ఆ విల్లో చెట్టు పలక ఏప్రిల్లో, రెండోసారి పట్నం నుంచి వచ్చిన మర్నాడు, తన దగ్గరే అడిగి తీసుకున్నాడట. ఎందుకని అడిగితే చెప్పలేదట. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, వచ్చి దాని మీద కూచోమని ఎవర్నీ పిలవలేకపోయాడు. ఎలా పిలవాలో తెలియలేదేమో. మాలో ఎవరం అడగనూ లేదు.

ఉలిత దాని మీద చెయ్యి పెట్టి చూసింది, కూచోలేదు. తెల్లటి పీట, అంచులు చేతికి గుచ్చుకోకుండా నున్నగా చిత్రిక పట్టి ఉంది, నాలుగు కాళ్ళ చుట్టూ నేల మీద చెక్కపొట్టు ఇంకా అలాగే ఉంది.